వెబ్‌సైటుకు పేరు నిర్ణయించుట

ఈ మధ్య మన కుటుంబములలో పలువురు తమ సరకును దళారుల ప్రమేయము లేక వెబ్‌సైటు ద్వారా అమ్మవలెనని యోచించుచున్నారు. దానికి ముందుగా కావలసినది డొమైన్ పేరు. ఒక పేరు ఒక్కరికే దక్కును; ముందు అడిగినవారిదే అది. ఇంగ్లీషు అక్షరములు, అంకెలు, నడుమ చిన్న గీత మాత్రమే చెల్లును, ఖాళీ కూడదు. చుక్కకు ముందు భాగము 63 అక్షరములను మించరాదు. అంత పొడుగు పేరు ఎవరును పెట్టరాదనియే మా అభిప్రాయము.

ఊరి పేరు పెట్టుకొనుట మనవారికి అలవాటు. అందులోని చిక్కు మన సేత్తూరులోనే కనబడును. ఇంగ్లీషున ‘ఎస్, ఇ, టి, హెచ్, యు, ఆర్’ అనియు, ‘ఎస్, ఇ, ఐ, టి, హెచ్, యు, ఆర్’ అనియు రెండు విధములుగా వ్రాయుచున్నారు. ‘హెచ్’ తీసివేసి ‘టి’ రెండు మారులు వేసినచో అది అనంతపురం జిల్లాలోని శెట్టూరు అగును! రాజపాళయమునకును రెండు వర్ణక్రమములు కలవు. కావున ఊరి పేరే కావలెనన్నవారు రెండు వర్ణక్రమములను నమోదు చేయించి, ఏది కొట్టినను ఒకే అంగడికి చేరునట్లు ఏర్పాటు చేసికొనవలెను.

పేరును పరీక్షించుటకు సులభమైన మార్గ మొకటి. టెలిఫోనులో ఒక్కమారు చెప్పి, అవతలివారిని వ్రాయుమనుడు. తప్పు వ్రాసినచో ఆ పేరు వలదు. ‘నేత’ అను మాటను ఇంగ్లీషులో ‘హెచ్’ లేకుండ వ్రాసినచో ఉత్తరాది వర్తకుడు రాజకీయ నాయకుడనుకొనును.

ఇతరుల పేరును పోలిన పేరు పెట్టుట మరింత ప్రమాదము. హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ వారి అనుబంధ సంస్థ సత్యం ఇన్ఫోవే తన పేరులోని అక్షరములనే కూర్చి ‘సిఫీ’ అను పేరు కల్పించుకొనెను. మరియొక కంపెనీ ‘ఎఫ్’ అక్షరమును రెండు మారులు వేసి ‘సిఫ్ఫీనెట్’ అని పెట్టుకొనెను. సివిల్ కోర్టు సత్యం ఇన్ఫోవేకు అనుకూలముగా నిలుపుదల ఉత్తర్వు నిచ్చెను, హైకోర్టు దానిని త్రోసివేసెను. తుదకు 2004లో సుప్రీంకోర్టు, వ్యాపార చిహ్నమునకు గల రక్షణ డొమైన్ పేరునకును కలదని చెప్పి సత్యం ఇన్ఫోవేకే తీర్పు చెప్పెను. ఒక్క అక్షరము తేడాకు మూడు కోర్టులు! అట్లే కాంచీపురం పట్టు, పోచంపల్లి ఇక్కత్ వంటి పేర్లు 1999 భౌగోళిక గుర్తింపు చట్టము క్రింద రక్షింపబడినవి. సేత్తూరు మగ్గముపై నేసిన చీరకు కంచి పేరు తగిలించుట చట్టవిరుద్ధము, కొనువారిని మోసగించుటయును.

ఒక సరకునకే కట్టుబడిన పేరుకూడ యోచించి పెట్టవలెను. ఛత్రపట్టివలె గాయపు కట్టుగుడ్డయే నేయువారికి అది మేలు. నేడు ధోవతులు, రేపు చీరలు నేయువారికి అది సంకెల యగును.

చివర ‘డాట్ ఇన్’ మంచిదా, ‘డాట్ కామ్’ మంచిదా అని అడుగుచున్నారు. మన దేశములోనే అమ్మువారికి ‘డాట్ ఇన్’ చాలును. తెలుగు లిపిలో ‘డాట్ భారత్’ సైతము కలదు. కాని ఇంట తెలుగు, బడిలో తమిళము చదివిన మన పిల్లలే దానిని కొట్టలేరు గనుక రెండవ పేరుగా మాత్రమే ఉంచుకొనవచ్చును.

అన్నిటికంటె ముఖ్యము, పేరు ఎవరి పేరట నమోదగునో చూచుకొనుట. వెబ్‌సైటు కట్టి ఇచ్చువాడు తన పేరట వ్రాయించుకొన్నచో, తగవు వచ్చిననాడు అంగడి పేరు వాని చేతిలో నుండును. సంఘమైనచో సంఘము పేరటను, కుటుంబమైనచో ఇంటి పెద్ద పేరటను వ్రాయించి, గడువు నోటీసులు వచ్చు ఈమెయిలు, ఫోను నంబర్లుకూడ వారివే ఇవ్వవలెను. ఒకేమారు పది సంవత్సరములవరకు రుసుము కట్టవచ్చును. గడువు దాటి కట్టకున్నచో, కొంతకాలము తరువాత ఆ పేరు ఇతరులకు పోవును.