శిరస్త్రాణము: ఒక సైనిక వైద్యుని పరిశోధన

1935వ సంవత్సరము మే నెల 13వ తేదీన ఇంగ్లండులోని డార్సెట్ ప్రాంతమున మోటారు సైకిలుపై పోవుచుండిన టి. ఇ. లారెన్సు, ఎదుట సైకిళ్లపై నున్న ఇద్దరు బాలురను తప్పింపబోయి పడిపోయెను. మొదటి ప్రపంచయుద్ధమున అరబ్బుల తిరుగుబాటుతో లోకప్రసిద్ధుడైన వాడితడే. తలకు బలమైన దెబ్బ తగులుటచే స్పృహ రాకయే ఆరు దినములకు బావింగ్టన్ సైనిక వైద్యశాలలో మరణించెను. ఆతనిని పరీక్షించిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ అను శస్త్రవైద్యు డుండెను.

కెయిర్న్స్ 1896లో ఆస్ట్రేలియాలో జన్మించి, అమెరికాలో హార్వీ కుషింగ్ పండితుని యొద్ద మెదడు శస్త్రచికిత్స నభ్యసించి, 1937లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఆచార్యు డయ్యెను. రెండవ ప్రపంచయుద్ధము రాగా అచ్చటి సెంట్ హ్యూస్ అను స్త్రీల కళాశాల, తలగాయములు తగిలిన సైనికులకు వైద్యశాలగా మార్చబడెను. అందుకు ముఖ్యుడు కెయిర్న్స్ గారే.

పుర్రె పగిలిననే మెదడునకు హాని యని పలువురు తలంతురు. అట్లు కాదు. కుండలో గడ్డకట్టిన పెరుగును తలంచుకొనుడు. కుండను గిఱ్ఱున త్రిప్పి చటుక్కున నిలిపినచో కుండకు బీట యైన వడదు. లోని పెరుగు మాత్రము విరిగి చెదరును. మెదడు మిక్కిలి మెత్తనిది. తల ఒక్కసారిగా తిరిగినపుడు పుర్రెతోపాటు మెదడంతయు నొకే వేగమున తిరుగజాలదు. లోపలి సన్నని నరపు తంతువులు సాగి తెగును. ఆక్స్‌ఫర్డులో కెయిర్న్స్‌తో కలిసి పనిచేసిన హోల్‌బోర్న్ అను భౌతిక శాస్త్రజ్ఞుడు జెలటిన్‌తో మెదడు నమూనాలు చేసి, యీ సంగతిని 1943లో వివరించెను. వైద్యునకు భౌతికశాస్త్రజ్ఞుడు తోడైన యీ యుదాహరణము మాకు మిక్కిలి ప్రియమైనది.

ఇక లెక్కలు. సైన్యమున వార్తలు చేరవేయువారు మోటారు సైకిళ్లపై, దీపములార్పిన చీకటి దారుల వెంట పోవలసి యుండెను. యుద్ధారంభమునుండి మొదటి 21 నెలలలో బ్రిటనులో మోటారు సైకిళ్లపై పోవుచు మరణించినవారు 2279 మంది. అంతకు ముందరి 21 నెలలకంటె నూటికి 21 వంతు లెక్కువ. ఈ మరణములకు తలగాయమే ప్రధాన కారణమని 1941 అక్టోబరులో బ్రిటిష్ మెడికల్ జర్నలున కెయిర్న్స్ ప్రకటించెను. శిరస్త్రాణము ధరించి ప్రమాదమునకు లోనైన వారు ఆయనకు దొరికినది ఏడుగురే. ఏడుగురును బ్రదికిరి. ఏడనునది చిన్న సంఖ్య. దానినిబట్టి నిశ్చయముగా పలుకరాదని గణితము తెలిసిన విద్యార్థి యనవచ్చును. ఆ మాట సరియే. అయినను ఆ సంవత్సరము నవంబరులోనే, పనిమీద పోవు మోటారు సైకిలు సైనికులెల్లరు శిరస్త్రాణము ధరింపవలెనని సైన్యము ఆజ్ఞాపించెను. తరువాత కెయిర్న్స్ మరల లెక్కలు కూర్చి, 1946లో మరణములు తగ్గిన తీరును చూపెను. నిశ్చయము వచ్చువరకు వేచియుండినచో ఆ నడుమ పోయెడి ప్రాణముల మాట యేమి?

ఆ శిరస్త్రాణము పనిచేయు విధము సులభమైనది. పైనున్న గట్టి పెంకు దెబ్బను ఒక్క చోట పడనీయక విస్తరింపజేయును. లోపలి పట్టీలు తలకును పెంకునకును నడుమ ఎడము కల్పించి, తల ఆగుటకు కొంచెము వ్యవధి నిచ్చును. ఇప్పటివానిలో ఆ పనిని నలిగెడి నురుగు పొర చేయుచున్నది. కుండలను బండిపై నెక్కించువారు నడుమ వరిగడ్డి క్రుక్కుట యెందులకో యెఱిగినవారికి దీనిని వేఱుగ చెప్పనక్కఱలేదు.

కెయిర్న్స్ 1952లో మరణించెను. బ్రిటనులో సామాన్య ప్రజలకు శిరస్త్రాణము విధిగా చేయబడినది 1973లో. సైనికాజ్ఞకు 32 సంవత్సరముల తరువాత! తెలిసిన సంగతి చట్టమగుటకు ఇంతకాలము పట్టుట మాకు విచారము కలిగించుచున్నది.

మన దేశమున 1988 నాటి మోటారు వాహనముల చట్టము 129వ విభాగము దీనిని విధించుచున్నది. నడుపువానికే కాదు, వెనుక కూర్చుండువారికిని అది వర్తించును. మన విద్యార్థులలో పలువురు తండ్రి వెనుకనో అన్న వెనుకనో కూర్చుండి బడికి వచ్చువారే కనుక దీనిని ప్రత్యేకముగా వ్రాయుచున్నాము. గడ్డము క్రింద పట్టీని బిగించి కట్టవలెననియు ఆ విభాగమే చెప్పుచున్నది. పట్టీ వదులైనచో మొదటి దెబ్బకే శిరస్త్రాణ మూడిపోవును. తల నేలను తాకునది తరచుగా రెండవ దెబ్బకు.