ఆదివారం మటన్‌కి ఒక ప్లాన్

మటన్ ఆరోగ్యానికి మంచిదా, చెడ్డదా? ఈ ప్రశ్న పక్కన పెట్టేయండి. అసలు అడగాల్సినవి వేరే ఉన్నాయి. వారానికి ఎంత తింటున్నారు? ఎలా వండుతున్నారు? ఇంట్లో ముక్కలు ఎవరి కంచంలో పడుతున్నాయి? ఈ మూడూ మీ చేతిలో ఉన్నవే. మీరు మార్చగలరు.

ముందు క్యాన్సర్ భయం సంగతి తేల్చేద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో రెండు మాటలు చెప్పింది. మేక, గొర్రె, గొడ్డు, పంది మాంసాలు, అంటే రెడ్ మీట్, క్యాన్సర్‌కు బహుశా కారణమవుతాయి. సాసేజ్, సలామీ, బేకన్ లాంటి ప్రాసెస్డ్ మీట్ కచ్చితంగా కారణమవుతుంది. రోజూ 50 గ్రాముల ప్రాసెస్డ్ మీట్ తింటే పెద్దపేగు క్యాన్సర్ రిస్క్ సుమారు 18 శాతం పెరుగుతుంది. కచ్చితంగా కారణమయ్యే వాటి జాబితాలో ప్రాసెస్డ్ మీట్‌తో పాటు సిగరెట్ కూడా ఉంది. అలాగని రెండిటి ప్రమాదం ఒకటే అనుకోకండి. ఆధారాలు అంత గట్టిగా ఉన్నాయని మాత్రమే దాని అర్థం.

కాబట్టి మొదటి అడుగు తేలిక. ఫ్రిజ్‌లో సాసేజ్ ప్యాకెట్ ఉంటే అదే చివరిది కావాలి. పిజ్జా మీద పెప్పరోనీ వద్దనండి.

రెండో అడుగు, లిమిట్. వరల్డ్ క్యాన్సర్ రీసెర్చ్ ఫండ్ చెప్పే హద్దు ఇది: వండిన రెడ్ మీట్ వారానికి 350 నుంచి 500 గ్రాములు, అంతకు మించకూడదు. ఆదివారం కిలో మటన్ తెచ్చి నలుగురు తింటే మీరు ఈ హద్దు లోపలే ఉన్నారు. హద్దు దాటేది మిగతా రోజుల్లో. సోమవారం మిగిలిన కూర, బుధవారం ఆఫీసు పక్కన మటన్ బిర్యానీ, శుక్రవారం దావత్‌లో కీమా, బోటి. లెక్క రాసుకోండి. ఒక్క వారం రాస్తే చాలు, మీ అలవాటు మీకే కనిపిస్తుంది.

మూడో అడుగు వంటింట్లో. దీనికి కొత్త రెసిపీ ఏదీ అక్కర్లేదు. గోంగూర మటన్, చుక్కకూర మటన్, దోసకాయ మటన్, హైదరాబాదీ దాల్చా... మన పెద్దవాళ్ళు తక్కువ ముక్కలతో ఎక్కువ మందికి కూర సరిపెట్టిన పద్ధతులివి. ఆకుకూర, పప్పు, కూరగాయ అన్నీ ఒకే గిన్నెలో! కొట్టు దగ్గర కొవ్వు తీసేయమని చెప్పండి, తొడ మాంసం అడగండి. నిప్పుల మీద మాడి నల్లబడిన భాగం తినకండి.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. మాంసంలోని ఐరన్‌లో కొంత భాగాన్ని మన ఒళ్ళు ఆకుకూరల ఐరన్ కంటే బాగా పట్టుకుంటుంది. పైగా బి12, ప్రొటీన్, జింక్ ఉంటాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. మరి చాలా ఇళ్ళలో కూర వండిన అమ్మ ఆఖర్న కూర్చుంటుంది. అప్పటికి గిన్నెలో మిగిలేది పులుసే. ఎవరి ఒంటికి ఎక్కువ అవసరమో వాళ్ళకే ముక్క దొరకడం లేదు. ఈ అలవాటు మార్చడానికి డబ్బు అక్కర్లేదు, డాక్టర్ అక్కర్లేదు. వడ్డించే వరస మార్చండి. అమ్మకి, ఎదిగే ఆడపిల్లకి ముందు పెట్టండి.

తిన్న వెంటనే టీ తాగుతారా? ఐరన్‌ని అది అడ్డుకుంటుంది. ఓ గంట ఆగండి. అన్నంలో నిమ్మకాయ పిండుకుంటే గోంగూరలోని ఐరన్ కూడా ఇంకాస్త ఒంటబడుతుంది.

గౌట్, కిడ్నీ సమస్య, ఎక్కువ కొలెస్ట్రాల్ ఉన్నవాళ్ళు ఎంత తినాలో డాక్టర్‌ని అడిగి తెలుసుకోండి. గర్భంతో ఉన్నవాళ్ళు లివర్‌కి దూరంగా ఉండాలి, అందులో విటమిన్ ఎ మరీ ఎక్కువ. అసలు మాంసం ముట్టని వాళ్ళు మొదలుపెట్టాల్సిన పని లేదు. పప్పు, పాలు, గుడ్డు తింటూ ఒకసారి బి12 టెస్ట్ చేయించుకోండి.