ఆయిల్ ఇంజను హెడ్ గ్యాస్‌కట్ ఎందుకు పోతుంది? ఎలా మార్చాలి?

మా హాస్టల్లో చాలామందిమి హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల పల్లెల వాళ్లం. మా వైపు ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. అదీ అదనుకు పడదు. 2016 ఆగస్టులో ఎండుతున్న శెనక్కాయను కాపాడాలని ప్రభుత్వమే రెయిన్‌గన్లు, ఇంజన్లు చేలకు పంపింది. కుంటలో నాలుగు నీళ్లుంటే ఆయిల్ ఇంజను పెట్టి తోడుకోవడం మా ఇండ్లల్లో మామూలే.

పోయిన సెలవుల్లో మాలో ఒకరి చేనిలో శెనక్కాయ ఊడలు దిగే సమయానికి వాన మొగం చాటేసింది. వాళ్ల నాయన 5 హార్స్‌పవర్ ఇంజను బాడుగకు తెచ్చాడు. రెండో రోజే అది తెల్లపొగ కక్కి ఆగిపోయింది. "హెడ్ గ్యాస్‌కట్ పోయింది" అన్నాడు మెకానిక్కు. అప్పుడు దగ్గరుండి చూసినదీ, తర్వాత మా సైన్సు సారును అడిగి తెలుసుకున్నదీ ఇక్కడ రాస్తున్నాము.

ఇంజనులో పిస్టన్ ఆడే భాగం బ్లాకు. దాని మీది మూత హెడ్. రెండింటినీ ఎంత నున్నగా చేసినా మధ్యలో సన్నని సందు మిగులుతుంది. ఆ సందును మూసే పలుచని బిళ్లే గ్యాస్‌కట్. అది మంటను, నీటిని, కొన్ని ఇంజన్లలో ఆయిలును కూడా దేని దారిలో దాన్ని ఉంచాలి.

డీజిల్ ఇంజనుకు నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్గు ఉండదు. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు వేడెక్కడం మనకు తెలుసు. రుడాల్ఫ్ డీజిల్ 1897లో నడిపి చూపిన ఇంజను ఈ సూత్రం మీదే పని చేసింది. ఇలాంటి చిన్న ఇంజనులో గాలిని సుమారు 17వ వంతుకు నొక్కితే వేడి 500 డిగ్రీలు దాటుతుంది. అందులో పడిన డీజిల్ దానంతట అదే మండుతుంది. గ్యాస్‌కట్ కారితే నొక్కుడు నిలవదు, వేడి పుట్టదు, ఎంత హ్యాండిల్ తిప్పినా ఇంజను అందుకోదు.

మరి ఎందుకు పోయింది? పంపు తోడే నీళ్లలోనే కొన్ని ఒక పైపు ద్వారా ఇంజనులోకి పోయి దాన్ని చల్లబరుస్తాయి. కుంటలో నీళ్లు తగ్గి ఫుట్‌వాల్వు తేలింది. పంపు గాలి పీల్చింది. ఇంజను ఉడికిపోయింది. ఆ సమయానికి అక్కడ ఎవరూ లేరు. పొగ చూసి పరుగెత్తుకొచ్చిన ఒక మామ బిందెడు చన్నీళ్లు దాని మీద కుమ్మరించాడు. మంచి మనసుతోనే చేశాడు గానీ కాగిన పోత ఇనుముకు అది చావుదెబ్బ. వంకరైనా పోతుంది, పగులైనా ఇస్తుంది. ఇంజను ఆపి తనంతట తాను చల్లారనివ్వాలి.

మా బోరు నీళ్ల ఉప్పు కూడా లోపల పొరగా కట్టి వేడిని పోనివ్వదు. కాకినాడ వైపు పడవల వెనుక తగిలించే చిన్న మోటార్లకు సముద్రపు ఉప్పు ఇలాంటి బాధే పెడుతుందట. మనకు సముద్రం లేదు, ఉప్పు మాత్రం తప్పలేదు!

గుర్తులు తెలుసుకోవడం కష్టం కాదు. నీళ్లు బయటికొచ్చే పైపులో ఆగకుండా బుడగలు వస్తాయి. హెడ్ అతుకు దగ్గర "స్స్" మని చప్పుడు, నల్లటి మసి చార కనిపిస్తాయి. అనుమానముంటే అతుకు చుట్టూ సబ్బునీళ్లు పూసి హ్యాండిల్ తిప్పితే చాలు. ఆయిలు పాలు కలిసిన టీ రంగుకు మారితే నీళ్లు కలిసినట్టే. ఆ ఆయిలుతో ఇంజను నడపకూడదు.

మొదట మెకానిక్కు పాత గ్యాస్‌కట్‌కే జిగురు పూసి బిగించాడు. కొత్తదానికి డబ్బులు దండగ అని మేమూ సరేనన్నాము. అరగంట కూడా నిలవలేదు. ఒకసారి నలిగిన గ్యాస్‌కట్ మళ్లీ పరుచుకోదు.

రెండోసారి పద్ధతిగా విప్పారు. నీళ్లు వంపి, డీజిల్ పైపు, రాకర్లు తీసి, హెడ్ నట్లను ఎదురెదురుగా కొంచెం కొంచెం వదులు చేశారు. అంటుకున్న పాత ముక్కలను తడిపి గీకారు. పాతవాటిలో రాతినార ఉండవచ్చు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చెరుపు కాబట్టి పొడిగా రుద్దకూడదు, నోటితో ఊదకూడదు. తర్వాత హెడ్ మీద స్టీలు స్కేలు మూలమూలకూ నిలబెట్టి, కింద ఫీలర్ గేజి పెట్టి చూశారు. 0.1 మిల్లీమీటరు ఆకు సులువుగా దూరింది. అంటే హెడ్ వంకర. పెనుకొండ తీసుకుపోయి లేతు షాపులో చదును చేయించాల్సి వచ్చింది.

మరుసటి రోజు కొత్త గ్యాస్‌కట్ రంధ్రాలు సరిచూసి పెట్టారు. రెండు బిళ్లలు వేస్తే గట్టిగా ఉంటుంది కదా అని అడిగాము. పిస్టన్ మీద ఖాళీ పెరిగి నొక్కుడు తగ్గుతుందన్నాడు. నట్లను పానాతో ఒకేసారి బిగించలేదు. ఎదురెదురుగా మూడు విడతల్లో, చివరి విడత టార్కు రెంచితో బిగించాడు. ట్యాపెట్ సందులు సరిచేసి ఒక గంట నడిపి, చల్లారాక మళ్లీ ఒకసారి నట్లు చూశాడు. చల్లారిన తర్వాత చూసే ఈ చివరి పనినే చాలామంది వదిలేస్తారు.

ఆ సాయంత్రం నీళ్లు పారాయి. గట్టు పక్క నాలుగు సాళ్లు మాత్రం అప్పటికే ఎండిపోయాయి. ఇంజను ఆగిన రెండు రోజులకూ బాడుగ కట్టవలసి వచ్చింది. ఇప్పుడు ఇంజను నడుస్తున్నంత సేపూ మా మిత్రుడి తమ్ముడు కుంట దగ్గరే కూర్చుని ఫుట్‌వాల్వును చూస్తుంటాడు.