అరికాళ్ల తిమ్మిరులన్నీ వాతమేనా?

"అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయండీ, మంచి తైలమేదైనా ఇవ్వండి" అని సూరారంలోని మా వైద్యశాలలో అడుగువారు అనేకులు. ఈ బాధకు మధుమేహము, బి12 విటమిను లోపము సాధారణ కారణములు. మిక్కిలి అరుదైన కారణము మరొకటి కలదు. దానిని గుర్తింపక మర్దనములతో నెలలు గడిపినచో రోగి నడక కోల్పోవును. అదియే పోయెమ్స్ వ్యాధి.

ఎముకల మూలుగలో నుండు ప్లాస్మా కణములు సహజముగా రోగములనెదిరించు ప్రోటీనులను తయారుచేయును. ఈ వ్యాధిలో ఒకే సంతతికి చెందిన కణములు మితిమీరి, ఒకే విధమైన ప్రోటీనును రక్తములోనికి విడుచును. వి.ఇ.జి.ఎఫ్. అను మరొక ద్రవ్యము కూడ పెరుగును. దానివలన రక్తనాళములనుండి నీరు బయటికి ఊరును. 1956లో క్రో, 1968లో ఫుకాసే ఇట్టి రోగులను వర్ణించిరి. ఐదు ముఖ్యలక్షణముల ఆంగ్లనామముల తొలి అక్షరములను కూర్చి బార్డ్‌విక్ బృందము 1980లో ఈ పేరు పెట్టెను.

లక్షణములు: తిమ్మిరి, మంట రెండు పాదములలోను సమానముగా మొదలై పైకి ప్రాకును, పిదప కాళ్లు బలహీనపడును. కాలేయము, ప్లీహము పెరుగవచ్చును. చర్మము నల్లబడి మందమగుట, రోమములు పెరుగుట, గోళ్లు తెల్లబడుట, కాళ్లవాపు, పొట్టలో నీరు, థైరాయిడు లోపము, పురుషులలో లైంగిక శక్తి తగ్గుట కూడ కనిపించును. ఇవన్నియు ఒకే రోగిలో ఉండవలెనను నియమము లేదు.

మన శాస్త్రదృష్టిలో తిమ్మిరి వాతము, వాపు శోథము, పొట్టలో నీరు ఉదరరోగము. వీనిని వేర్వేరుగా చూచినచో మూలము దొరకదు. తిమ్మిరితోపాటు పై లక్షణములలో ఏ రెండు కనబడినను ఆలస్యము చేయక నాడీవైద్య నిపుణుని చూడవలెను. పంజాగుట్టలోని నిమ్స్‌లో నాడీవైద్య విభాగము, క్యాన్సరు వైద్య విభాగము రెండును కలవు. రక్తములోని ఆ ప్రోటీను స్వల్పముగా ఉండుటచే సామాన్య పరీక్షకు చిక్కకపోవచ్చును. ఇమ్యునోఫిక్సేషన్ పరీక్ష, ఎముకల స్కానింగు అవసరమగును.

చికిత్స: వ్యాధి ఒకటి రెండు ఎముకలకే పరిమితమైనచో రేడియేషను, వ్యాపించినచో మందులు, తగినవారికి మూలకణ మార్పిడి చేయుదురు. నరములు కోలుకొనుటకు నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరములు పట్టును.

గృహిణులకు హెచ్చరిక: స్పర్శ తెలియని పాదములకు వేడి కాపడము పెట్టరాదు; బొబ్బలెక్కినను రోగికి తెలియదు. సీసము, పాషాణము కలిసిన మందులు నరములనే చెరచును. కనుక ఊరు పేరు లేని భస్మములు వాడరాదు. తేలికపాటి ఆహారము, పాదరక్షణ, మెల్లని వ్యాయామము మేలుచేయును గాని, ఇవి చికిత్సకు తోడేగాని బదులు కావు. రోగము పేరు తెలిసిన పిమ్మటనే ఔషధము. తెలియువరకు తైలపుసీసా పక్కన పెట్టుడు.