ప్రైమర్ కొడితేనే లారీ స్టార్టవుతోంది

ప్రశ్న: మాది పాత టాటా లారీ, ఇన్‌లైన్ పంపు. కొబ్బరికాయల లోడు తోలుతుంటాం. రాత్రి ఆపితే పొద్దున ప్రైమర్ కొట్టందే స్టార్టవదు. లోడుతో జొన్నాడ వంతెన ఎక్కేటప్పుడు లాగడం లేదు. మెకానిక్ పంపు దించాలంటున్నాడు. దించమంటారా?
– ఓ లారీ యజమాని, రావులపాలెం

జవాబు: అప్పుడే వద్దండి. ప్రైమర్ కొట్టగానే అందుకుంటోందంటే ముందు అనుమానించాల్సింది గాలిని. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న గొట్టంలో లాగుడే తప్ప ఒత్తిడి ఉండదు. అందుకే అక్కడ పగులుంటే డీజిల్ బయటికి కారకపోవచ్చు, గాలి మాత్రం లోపలికి పోతుంది. శుభ్రమైన క్యాన్‌లో డీజిల్ పోసి, ఫీడ్ పంపుకు కొత్త గొట్టంతో నేరుగా ఇచ్చి, గాలి తీసి ఓ రాత్రి ఉంచండి. పొద్దున్నే స్టార్టయితే తప్పు ట్యాంకు వైపుదే. గొట్టం విప్పినప్పుడు జాయింట్ల దగ్గరి రాగి వాషర్లు మాత్రం పాతవి మళ్లీ బిగించొద్దు, వాటి ఖరీదెంతని!

క్యాన్‌ పెట్టినా మొరాయిస్తే ఫిల్టర్లు, ఫీడ్ పంపు వాల్వులు, ఓవర్‌ఫ్లో వాల్వు చూడండి. ఈ చివరిదాన్ని చాలామంది మరిచిపోతారు. అది మూసుకోకపోతే పంపులో ఒత్తిడి నిలవదు, లోడు మీద బండి నీరసిస్తుంది. వానాకాలంలో ఫిల్టరు అడుగున చేరిన నీళ్లు తీసేయండి. పంపులోని ప్లంజర్లకు కందెన డీజిలే, నీరు చేరితే అరిగిపోతాయి.

ఇవన్నీ సరిగ్గా ఉంటేనే పంపు దించి, టెస్ట్ బెంచ్ ఉన్న షాపులో క్యాలిబ్రేషన్ చేయించండి. చెవితో విని స్క్రూలు తిప్పనివ్వకండి. నాజిల్ పరీక్షించేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టొద్దు, ఆ ధార చర్మంలోకి దిగిపోతుంది.