నీరసం తగ్గించేది సెలైన్ బాటిలా?

మిరప కోతల రోజుల్లో మా ఓ.పి.కి వచ్చే అక్కచెల్లెళ్ళు ఎక్కువగా అడిగే మాట ఒకటుంది: "సిస్టరమ్మా, నీరసంగా ఉంది, ఒక సెలైన్ ఎక్కించండి." సెలైన్‌తో నిజంగా బలం వస్తుందా? ఇది తెలియాలంటే మన శరీరంలోని కణం లోపల ఏముందో చూడాలి.

కణం చుట్టూ కణత్వచం అనే పలుచని పొర ఉంటుంది. ఏది లోపలికి రావాలో, ఏది బయటికి పోవాలో అదే చూస్తుంది. లోపల పనిచేసే భాగాలే కణాంగాలు.

కేంద్రకం: ఇందులోని డి.ఎన్.ఎ.లో కణం పనులకు కావలసిన ఆదేశాలు ఉంటాయి.
రైబోజోములు: ఆ ఆదేశాల ప్రకారం మాంసకృత్తులు తయారుచేస్తాయి.
అంతర్జీవద్రవ్యజాలం, గాల్జీ సంక్లిష్టం: మాంసకృత్తులను సరిచేసి, చేరవలసిన చోటికి పంపుతాయి.
లైసోజోములు: పాడైన భాగాలను, సూక్ష్మక్రిములను జీర్ణం చేస్తాయి.
మైటోకాండ్రియా: మనం తిన్న ఆహారం నుండి ఆక్సిజన్ సాయంతో ఏ.టి.పి. అనే శక్తి పదార్థాన్ని తయారుచేస్తాయి.

ఈ ఏ.టి.పి.ని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కనుగొన్నది మన భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుగొన్నారు.

మైటోకాండ్రియాకు ఆక్సిజన్ మోసుకొచ్చేది ఎర్ర రక్తకణం. పక్వమైన ఎర్ర కణంలో కేంద్రకం గాని, మైటోకాండ్రియా గాని ఉండవు. అందుకే తాను మోసే ఆక్సిజన్‌ను తాను వాడుకోదు. దాని ఆయుష్షు సుమారు 120 రోజులు. కాబట్టి ఎముక మజ్జలో రోజూ కొత్తవి పుట్టాలి. వాటికి ఇనుము కావాలి, డి.ఎన్.ఎ. తయారీకి ఫోలిక్ ఆమ్లం కావాలి. 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన లెడర్లీ సంస్థ పరిశోధకులకు నాయకులు కూడా సుబ్బారావు గారే.

500 మి.లీ. సాధారణ సెలైన్‌లో ఉండేది నీరు, 4.5 గ్రాముల ఉప్పు మాత్రమే. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు పోయినవారిని అది కాపాడుతుంది. కాని రక్తం తక్కువైనవారికి అది ఆక్సిజన్‌ను మోయలేదు, మైటోకాండ్రియాకు ఆహారమూ కాదు.

కనుక నీరసం తగ్గకపోతే ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. స్త్రీలకు 12 గ్రాముల కంటే, గర్భిణులకు 11 గ్రాముల కంటే తక్కువుంటే రక్తహీనతే. గర్భిణులు నాలుగో నెల నుండి కనీసం 180 రోజులు ఐరన్ ఫోలిక్ మాత్ర రోజుకొకటి వేసుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రులలో ఇవి ఉచితం. మాత్రతో పాటు టీ, కాఫీ తాగవద్దు. నిమ్మరసం తాగితే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. విరేచనం నల్లగా అయితే భయపడి మాత్రలు మానవద్దు, అది సహజమే. హిమోగ్లోబిన్ సరిగా ఉన్నా నీరసం పోకపోతే షుగర్, థైరాయిడ్ పరీక్షల గురించి డాక్టరు గారిని అడగండి.