మిలోలీ పల్లె, అక్కడి వాననీరు

హవాయి ద్వీపాలకు మన తెలుగువారు ఏటేటా విహారయాత్రలకు వెళుతూనే ఉన్నారు. వారిలో చాలామంది చూసి వచ్చేది హొనొలూలు నగరం, వైకికీ ఇసుక తీరం, ఇంకా ఓపిక ఉంటే పెద్ద ద్వీపంలోని కిలౌయా అగ్నిపర్వతం. అదే పెద్ద ద్వీపానికి నైరుతి తీరాన, సౌత్ కోనా ప్రాంతంలో, మిలోలీ అనే జాలరిపల్లె ఒకటి ఉన్నది. రాజమార్గం నుండి సముద్రపుటొడ్డుకు సుమారు 8 కిలోమీటర్లు, ఎదురుగా మరొక బండి వస్తే ఒకరు ప్రక్కకు ఒదిగి నిలువవలసిన ఇరుకు దారిలో, మెలికలు తిరుగుతూ దిగాలి. ఆ పల్లెకు నీటి గొట్టాలు లేవు, కరెంటు తీగలు లేవు. ఎండతో విద్యుత్తు, వానతో త్రాగునీరు. అక్కడి ప్రకృతి సౌందర్యాన్ని వర్ణించగలవారు వేరే ఉన్నారు. నేను ఈ వ్యాసంలో చెప్పదలచినది ఆ పల్లెవారు త్రాగే నీటిని గురించి.

నీటి సంగతికి ముందు రాతి సంగతి కొంత తెలియాలి. పల్లెకు దిగే దారి మౌనా లోవా అనే అగ్నిపర్వతపు పార్శ్వం మీదుగా పోతుంది. సముద్రమట్టానికి 4,169 మీటర్ల ఎత్తున్న ఈ పర్వతం ద్వీపంలో దాదాపు సగం భాగాన్ని తానే ఆక్రమించింది. దీని నుండి వెలువడే లావా బసాల్టు జాతికి చెందినది. అందులో సిలికా 50 శాతానికి కొంచెం పైన మాత్రమే ఉండడం వల్ల అది పలుచగా, వేగంగా పారుతుంది. చల్లారినప్పుడు రెండు రూపాలు పొందుతుంది. నునుపుగా, తాడు పేనినట్లు ముడతలు పడినది పాహోయ్‌హోయ్. ఇటుకబట్టీలోని చిట్టెం కుప్ప పోసినట్లు గరుకుగా ఉండేది ఆఆ. ఈ రెండూ హవాయి భాషా పదాలే. భూగర్భ శాస్త్రజ్ఞులు వాటిని ప్రపంచమంతటా అలాగే వాడుతున్నారు. ఆఆ మీద ఉత్త కాళ్ళతో నాలుగడుగులు వేసినవారికి ఆ పేరు ఎలా పుట్టిందో వేరే చెప్పనక్కరలేదు.

ఈ రాయి మనకు క్రొత్తది కాదు. దక్కను పీఠభూమిని కప్పిన నల్లరాయి బసాల్టే. రాజమహేంద్రవరం సమీపాన గోదావరికి ఇరువైపులా, పంగిడి, కడియం ప్రాంతాలలో కనిపించే నల్లరాతి పొరలు కూడా సుమారు ఆరున్నర కోట్ల సంవత్సరాల నాటి ఆ లావాయే. పశ్చిమాన పుట్టిన ప్రవాహం అంత దూరం పారి తూర్పు తీరానికి చేరిందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. మన రోడ్ల మీద పరచిన కంకరలో కొంత భాగం ఒకనాడు నిప్పు ప్రవాహం. తేడా ఏమిటంటే, మిలోలీ దారిలో ఉన్న రాయి నూరేళ్ళ నాటిది.

1926 ఏప్రిల్ 10న మౌనా లోవా బ్రద్దలైంది. ఆఆ ప్రవాహం అడవులను దహిస్తూ దిగి, ఏప్రిల్ 18న మిలోలీకి కొద్ది దూరంలో ఉత్తరాన ఉన్న హోఓపులోవా అనే జాలరిపల్లె మీద పడింది. ఇళ్ళు, ఓడరేవు కట్ట సహా ఊరంతా మట్టిలో కాదు, రాతిలో కలిసిపోయింది. ప్రజలు ముందే తప్పుకొని మిలోలీకి వచ్చి తలదాచుకున్నారు. ఆ నిరాశ్రయుల కుటుంబాలకు మిలోలీలో దీర్ఘకాలపు కౌలు మీద స్థలాలు ఇచ్చేందుకు రాష్ట్ర శాసనసభ వీలు కల్పించినది 1982లో, అనగా 56 ఏళ్ళ తరువాత. లావా ఎనిమిది రోజులలో చేసిన పనిని కాగితం సరిదిద్దడానికి రెండు తరాలు పట్టింది.

లావా సముద్రంలో పడినప్పుడు పైకి లేచే తెల్లని పొగ కేవలం నీటి ఆవిరి అని చూపరులు అనుకుంటారు. అది చాలా ప్రమాదకరమైన పొరపాటు. సముద్రజలంలో మనం తినే ఉప్పుతో పాటు మెగ్నీషియం క్లోరైడు కూడా ఉంటుంది. నౌపడాలోనో చినగంజాంలోనో ఉప్పు మడులను చూసినవారికి, ఉప్పు తీసిన తరువాత మడిలో మిగిలే చేదు నీరు జ్ఞాపకం ఉండవచ్చు. ఆ చేదు ముఖ్యంగా ఈ మెగ్నీషియం లవణాలదే. వేయి డిగ్రీలు మించిన లావా తగిలి సముద్రజలం ఇగిరిపోయినప్పుడు, ఆ లవణాన్ని నీటి ఆవిరి విడగొట్టి మెగ్నీషియం ఆక్సైడును, ఉదజహరికామ్ల వాయువును పుట్టిస్తుంది. కనుక ఆ తెల్లని మేఘంలో ఉన్నది ఆమ్లమూ, కంటికి కనిపించని గాజు నలుసులూను. ఇరవై గజాల దూరం నుంచి ఛాయాచిత్రం తీసుకుందామని ముచ్చటపడేవారు ఈ సమీకరణాన్ని ఒకసారి మననం చేసుకోవడం మంచిది.

మిలోలీ అనే పేరుకు సన్నని పేనుడు అని అర్థం. కొబ్బరిపీచుతో సన్నని త్రాళ్ళు పేనడంలో ఆరితేరిన పనివారు ఒకప్పుడు అక్కడ ఉండేవారట. నేడు ఆ ఊరికి పేరు తెచ్చినది ఓపెలు చేప. జానెడు, జానెడున్నర పొడవుండి గుంపులుగా తిరిగే ఈ చేపను పట్టే తీరు నన్ను ఆశ్చర్యపరచింది. తీరానికి ఎదురుగా, తరతరాలుగా గుర్తు పెట్టుకున్న కొన్ని తావులున్నాయి. వాటిని కోవా అంటారు. జాలరులు పడవ మీద అక్కడికి పోయి, ఉడికించిన చేమదుంప, గుమ్మడి వంటి వాటిని మెదిపి, గుడ్డలో చుట్టి రాతి బరువుతో దింపి, నీటిలో విదిలిస్తారు. అలా నెలల తరబడి మేపుతారు, పట్టరు. చేపలు బలిసి, పడవకు మచ్చికైన తరువాత, కట్టుబాటు ప్రకారం కాలం వచ్చినప్పుడు, వలయాకారపు వలను క్రిందికి దింపి, మేతను దాని మీద విడిచి, మెల్లగా పైకి లాగుతారు. ఈ మేపడాన్ని హానాయి అంటారు. పరుల బిడ్డను తెచ్చి పెంచుకోవడానికి కూడా హవాయి భాషలో అదే మాట. మేతలో మాంసం కలపరాదని పెద్దల శాసనం, ఎందుకంటే మాంసపు వాసనకు పెద్ద చేపలు వచ్చి ఓపెలు గుంపును చెదరగొడతాయి. పూర్వకాలంలో ఏడాదిని సుమారుగా రెండు భాగాలు చేసి, ఓపెలు పట్టే కాలంలో ఆకు అనే మరొక చేపను, ఆకు పట్టే కాలంలో ఓపెలును ముట్టరాదని నిషేధం ఉండేది. ఈ తీరాన్ని స్థానికుల జీవనాధారపు చేపలవేట ప్రాంతంగా రాష్ట్రం 2005లో గుర్తించింది. దానికి నియమాలు అమలులోకి వచ్చినది 2022లో.

ఉప్పు రాసి ఎండబెట్టిన ఓపెలు, అన్నం మాకు పెట్టినది ఒక వృద్ధ జాలరి కుటుంబం. ఆ ద్వీపాలలో పెద్దవారిని ఎవరినైనా అంకుల్, ఆంటీ అనే పిలుస్తారు. మన బాబాయిగారూ, పిన్నిగారూ వంటి పిలుపులే అవి. ఆంటీ గ్లాసులతో నీళ్ళు తెచ్చి ముందుంచారు. వృత్తిరీత్యా అబ్బిన గుణం వల్ల, ఈ నీరు ఎక్కడిదని అడిగాను. అంకుల్ నవ్వి, వ్రేలు పైకెత్తి ఆకాశాన్ని చూపించారు.

ఎందుకు బావి త్రవ్వుకోరు? ప్రశ్న సహజమైనదే. క్రొత్త లావా జల్లెడ వంటిది. కురిసిన వాన వాగుగా పారక నేరుగా లోనికి ఇంకి, సముద్రపు నీటి మీద తేలుతుంది. ఉప్పునీరు మంచినీటి కన్న సుమారు రెండున్నర శాతం బరువు. ఈ చిన్న తేడా వల్ల, మంచినీరు సముద్రమట్టానికి ఒక మీటరు పైన నిలిచిన చోట దాదాపు 40 మీటర్ల లోతు వరకు మంచినీరే ఉంటుంది. మంచు గడ్డ నీటి మీద తేలే సూత్రమే ఇదీ. కాని తీరం దగ్గరకు వచ్చేసరికి ఈ పొర పలుచబడిపోతుంది. అందులోనూ మిలోలీ తీరం పొడి ప్రదేశం. మేఘాలు పైనున్న కాఫీ తోటల మీదనే ఎక్కువగా కురుస్తాయి. త్రవ్వితే వచ్చేది ఉప్పదనం కలసిన నీరే. కనుక ఇంటి కప్పే చెరువు, ప్రక్కనున్న తొట్టే బావి.

స్వచ్ఛమైన వాన కూడా కొంచెం పుల్లనిదే. గాలిలోని బొగ్గుపులుసు వాయువు కరగడం వల్ల దాని పి.హెచ్. విలువ 5.6 చుట్టూ ఉంటుంది. అయితే అక్కడికి సుమారు 70 కిలోమీటర్ల దూరాన కిలౌయా ఉన్నది. 1983 నుండి 2018 వరకు అది దాదాపు ఎడతెరిపి లేకుండా వెలిగింది. అందులో చాలా సంవత్సరాలు, రోజుకు సుమారు 2,000 టన్నుల సల్ఫర్ డయాక్సైడును గాలిలో కలిపింది. ఆ వాయువు ఎండలో, తేమలో, ఆమ్లజనితో కలసి గంధకామ్లపు సూక్ష్మ తుంపరలుగా మారుతుంది. ఈశాన్యపు గాలులు ఈ మసకను ద్వీపపు దక్షిణాగ్రం చుట్టూ త్రిప్పి కోనా తీరానికి తెస్తాయి. అక్కడ పగలు సముద్రపు గాలి, రాత్రి కొండ గాలి దానిని ఇటు అటు ఊపుతూ కదలనీయవు. స్థానికులు దీనిని వాగ్ అంటారు. పి.హెచ్. 5.6 నుండి 4కు దిగిందంటే ఆమ్లత్వం సుమారు 40 రెట్లు పెరిగిందన్న మాట. (ఈ 40 అనే అంకె ఈ వ్యాసంలో ఇంకొకసారి కూడా వస్తుంది. కేవలం కాకతాళీయం, జ్యోతిషమేమీ లేదు.)

టమాటా రసమంత పులుపు మనకు హాని చేయదు. హాని వేరొక చోట ఉన్నది. 1988లో కోనా ప్రాంతంలో వాననీటి తొట్లు వాడే ఇళ్ళలో పరీక్షలు జరిపినప్పుడు, దాదాపు 40 శాతం ఇళ్ళ త్రాగునీటిలో సీసం కనిపించింది. ఆ ఇళ్ళలో కొందరి రక్తంలో కూడా సీసం పెరిగినట్లు తేలింది. సీసం అగ్నిపర్వతం నుండి రాలేదు. కప్పు రేకులు బిగించిన మేకుల నుండి, అతుకుల మీది సీసపు పట్టీల నుండి, పాత రంగు నుండి, గొట్టాల అతుకుల టంకం నుండి వచ్చింది. కొండ ఇచ్చినది ఆమ్లం మాత్రమే. విషం మనిషి కొనితెచ్చి కప్పుకు కొట్టుకున్నది. ఈ వ్యత్యాసం గమనించదగినదని నా అభిప్రాయం, ఎందుకంటే కొండను మార్చలేము, మేకును మార్చగలము.

సీసం గట్టి ఆమ్లానికి కూడా త్వరగా లొంగని లోహమని కళాశాలలో చదువుకున్నవారు ఇక్కడ ఆక్షేపించవచ్చు. ఆ మాట నిజమే. చిక్కని గంధకామ్లాన్ని సీసపు గదులలోనే తయారుచేసేవారు. అక్కడ లోహం మీద సీసపు సల్ఫేటు పొర మందంగా ఏర్పడి కవచంలా కాపాడుతుంది. పలుచని ఆమ్లం ఉన్న వాననీటిలో కథ వేరు. గాలిలోని ఆమ్లజని సీసాన్ని కొద్దికొద్దిగా ఆక్సీకరిస్తుంది, ఆమ్లం ఆ ఆక్సైడును కరిగించి తీసుకుపోతుంది. నగరాల నీటిలో సున్నపు లవణాలు ఉండి గొట్టం లోపల పెచ్చు కడతాయి. వాననీటిలో ఆ రక్షణ లేదు. పైగా త్రాగునీటిలో సీసం లెక్క బిలియన్ భాగాలలో ఇన్ని భాగాలని. అమెరికా ప్రభుత్వం 1991లో పెట్టిన చర్యాస్థాయి 15. ఆ మోతాదుకు రుచి లేదు, వాసన లేదు, రంగు లేదు. కాచితే పోదు సరికదా, నీరు ఇగిరిన కొలదీ చిక్కబడుతుంది. పిల్లల మెదడు ఎదుగుదలకు అది చేసే చెరుపు మాత్రం రోజులలో బయటపడదు.

ఇక్కడ చట్టం కూడా సాయం రాదు. కేంద్ర త్రాగునీటి చట్టం వర్తించేది కనీసం 25 మందికి నీరిచ్చే సరఫరాలకు. ఒక ఇంటి కప్పు, ఒక ఇంటి తొట్టి ఆ లెక్కలోకి రావు. పరీక్ష చేయించుకోవలసినది గృహస్థుడే.

ఇదంతా నేను అడుగుతుండగా అంకుల్ మమ్మల్ని ఇంటి వెనుకకు తీసుకువెళ్ళి నిచ్చెన వేశారు. "రసాయనం మీకు తెలుసు, మేకులు నాకు తెలుసు. ఎక్కి చూడండి" అన్నారు. సీసపు బిళ్ళల మేకులన్నీ పెరికి, రబ్బరు బిళ్ళల మరలు బిగించి ఉన్నవి. గొట్టాలు ప్లాస్టిక్కువి. వాన మొదలైనప్పుడు కప్పు మీది దుమ్మునూ రెట్టలనూ కడిగిన తొలి నీరు తొట్టిలో పడకుండా, నిలువుగా దించిన ఒక గొట్టంలోకి పోతుంది. అది నిండిన తరువాతి నీరే తొట్టికి చేరుతుంది. తొట్టి ప్రక్కన వంటసోడా డబ్బా ఉన్నది. పులుపు విరవడానికి అదే మందు. ఆయన సోడా వేసి, కాగితపు ముక్క ముంచి రంగు చూసే పద్ధతిని నా ప్రయోగశాలలో చేరిన క్రొత్త విద్యార్థులకు చూపించాలనిపించింది. నీళ్ళు త్రాగాను, మరొక గ్లాసు అడిగి త్రాగాను.

2018 వేసవిలో కిలౌయా తూర్పు చీలిక నుండి లావా ప్రవహించినప్పుడు సల్ఫర్ డయాక్సైడు రోజుకు 50,000 టన్నులు మించింది. ఆ తరువాత బాగా తగ్గింది. 2022 నవంబరు 27 రాత్రి మౌనా లోవా 38 సంవత్సరాల తరువాత మేల్కొన్నప్పుడు నైరుతి తీరపు పల్లెలు నిద్రపోలేదు. 1950లో నైరుతి చీలిక తెరుచుకున్నప్పుడు లావా సుమారు మూడు గంటలలో సముద్రాన్ని అందుకున్నది కదా! ఈసారి ప్రవాహం ఈశాన్యపు వైపు తిరిగి, రెండు వారాలలో ఆగిపోయింది. 2024 డిసెంబరు నుండి కిలౌయా శిఖరాన విడతలు విడతలుగా లావా ఫౌంటెన్లు ఎగసిపడ్డాయి. పొగ ఎక్కువైన రోజులలో తొట్టికి వెళ్ళే గొట్టాన్ని ప్రక్కకు త్రిప్పి ఉంచడం మేలు.

మిలోలీకి వెళ్ళదలచినవారు త్రాగునీరు తమ వెంట తీసుకువెళ్ళవలెను. అక్కడివారు అడిగితే కాదనరు. కాని అది లెక్క ప్రకారం పట్టుకున్న నీరు, తరువాతి వాన ఎప్పుడో ఎవరికీ తెలియదు. వాననీటి తొట్టి ఉన్న ఇల్లు అద్దెకు తీసుకునేవారు, ఏ దేశంలోనైనా సరే, రాత్రంతా గొట్టంలో నిలిచిన నీటిని ఉదయం మొదటి ధారలోనే సీసాలో పట్టి పరీక్షకు పంపవలెను. కొంతసేపు వదిలిన తరువాత పట్టిన నీరు గొట్టాలు, అతుకుల సంగతి దాచిపెడుతుంది.